గడప లేని ఇంటికి పసుపు

నా వంటింట్లో దేవుడి పటాలు పెట్టుకున్న చెక్కను చూసి, వచ్చినవాళ్ళు ‘ఈ చిన్న అర కోసం ఇంత దళసరి వేప చెక్క ఎందుకు వాడావు?’ అని అడుగుతుంటారు. అది అర కోసం చేసింది కాదు. అది గడప. ఒక్కటంటే ఒక్క పూట నా గుమ్మంలో గడపగా ఉండి, ఆ పూటే ఉద్యోగం పోగొట్టుకుంది. దాన్ని మా అమ్మ చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పారేయడానికి నాకు మనసొప్పలేదు, అమ్మకు ధైర్యం చాలలేదు.

నా కాళ్ళ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ళు చివరి దాకా దాని గురించే ఆలోచిస్తారు. పదో తరగతి సెలవుల్లో మిద్దె మీద చింతపండు ఆరబోస్తూ, చూసుకోకుండా వెనక్కి నడిచి కింద పడ్డాను. వెన్ను దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు. అప్పటి నుంచి చక్రాల కుర్చీ. దానికోసం ఏడవాల్సినదంతా మా ఇంట్లో అందరం అప్పుడే ఏడ్చేశాం. ఇప్పుడు ఎవరైనా నన్ను చూసి ‘అయ్యో పాపం’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చిత్తూరులో మా ఇల్లు పాత కాలపుది. వీధిలో నుంచి మెట్లు, మెట్లెక్కగానే ఎత్తైన గడప, లోపల మళ్ళీ గదికొక గడప. ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు నన్ను ఎత్తుకోవాలి. నాయన మామిడి మండీలో పని చేసేవాడు. కాయ దిగే రోజుల్లో ఆయన ఇంటికి రావడమే గగనం. అందుకని ఎత్తుకునేది చాలావరకు అమ్మే. “ఊ, మెడ పట్టుకో” అనేది. పట్టుకునేదాన్ని. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కుర్చీని ఎలా సంభాళించేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమె మెడ దగ్గర పసుపుతాడు వాసన వచ్చేది. నాకు ముప్ఫై దాటేసరికి నడుము నొప్పికి పూసుకునే మందు వాసన కూడా దానికి తోడైంది.

ఆ ఇంట్లో నా గదికి తలుపు ఉండేది, గడియ లేదు. లోపల పడిపోతే ఎట్లా అని అమ్మ ఊడబీకించేసింది. నేను స్నానం చేస్తున్నా, బట్టలు మార్చుకుంటున్నా, ఊరికే గోడ వైపు తిరిగి ఏడుస్తున్నా అమ్మ సరాసరి లోపలికి వచ్చేసేది. ఆమెతో మాటలాడుతూ ఆమె వెనకాలే పక్కింటావిడ కూడా వచ్చేది. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా వచ్చేశాడు, వంటిల్లు అనుకుని. అమ్మ ప్రేమకు లోటేమీ లేదు, గడియ ఒక్కటే లేదు.

తిరుపతిలో మాలాంటి వాళ్ళ కోసం ఒక ట్రస్టు ఇళ్ళు కట్టించిందని తెలిసినప్పుడు నేను మొదట చూడాలనుకున్నది గడియలే. వరసగా చిన్న చిన్న ఇళ్ళు, అన్నీ నేల మీదే. మెట్లకు బదులు వాలుదారి. కుర్చీలో కూర్చునే వంట చేసుకునేలా కిందికి కట్టిన గట్టు, చేతికందే స్విచ్చులు, చక్రాలు తగలకుండా వెడల్పాటి గుమ్మాలు. ఎక్కడా గడప లేదు. మంచం దగ్గరొకటి, స్నానాల గదిలో ఒకటి గంట తాళ్ళు వేలాడుతున్నాయి. తాడు లాగితే సాయానికి ఉండే మనిషి వస్తుంది. లాగకపోతే రాదు. వచ్చినా తలుపు కొట్టి, ‘రావచ్చునా’ అని అడిగి, రమ్మంటేనే లోపలికి అడుగు పెడుతుంది. ఆ ఇళ్ళను చూసుకునే ఆవిడ తానూ చంకకర్రలతో నడిచే మనిషే. మేమందరం ఆమెను పెద్దక్క అంటాం. మొదటి రోజే ఆమె నాతో చెప్పింది, “ఈడ ఒకటే మాట. ఎవురి వాకిలి వాళ్ళది. మేము సాయం జేసేదానికి ఉండాము, నీ సంసారం జేసేదానికి కాదు.” ఆ మాట విన్నాక నాకు చిత్తూరు పోబుద్ధి కాలేదు.

ఉద్యోగం కూడా కుదిరింది. ఒక కళ్ళద్దాల దుకాణంలో బిల్లులు కొట్టే పని. బల్ల వెనక కూర్చుంటే నా కుర్చీ ఎవరికీ కనపడదు. ఎవరైనా ‘కాస్త లేచి ఆ పైనున్న ఫ్రేము ఇయ్యమ్మా’ అంటే, ‘మీరు లేచే ఉన్నారు కదా, మీరే తీసుకోండి’ అంటాను. నా నోటి దురుసు చిత్తూరులో మా వీధంతటికీ తెలుసు. తిరుపతికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఇక మిగిలింది అమ్మ. ఆమె ఒక షరతు పెట్టింది. “నెల దినాలు ఉండి సూడు. శుక్రారం శుక్రారం నేనొచ్చి సూస్తా. నువ్వు కష్టపడతా ఉండావని నాకనిపిస్తే, ఆ పొద్దే పెట్టె సర్దుకోని ఇంటికొచ్చేయాల. ఏమంటావు?”

“మీ అమ్మ ఊ అంటే నాకేముండాది పాపా,” అని నాయన తప్పించుకున్నాడు.

నాకు ఓటు హక్కు ఉంది, జీతం ఉంది. అమ్మ వద్దన్నా ఉండిపోవచ్చు. కానీ అమ్మతో పోట్లాడి గెలుచుకున్న ఇంట్లో నాకు ముద్ద దిగదని నాకు బాగా తెలుసు. నాకు ఆ ఇల్లు కావాలి, అమ్మ సంతోషంగా ఊ అనడమూ కావాలి. అందుకే నెల దాటేదాకా నా బట్టలు పెట్టెలోనే ఉంచాను.

మొదటి శుక్రవారం అమ్మ పొద్దున్నే దిగింది. సంచీలో రాగిపిండి, ఊరిబిండి పచ్చడి, పసుపు, కుంకుమ. ఇల్లు చూడలేదు, గట్టు చూడలేదు, నేనొక్కదాన్నే పొయ్యి మీద పెట్టిన కాఫీ చూడలేదు. గుమ్మం దగ్గర వంగి నేలను చూస్తూ నిలబడింది.

“గడప యాడ?”

“లేదు మా.”

“లేకపోవడమేంది?”

“ఉంటే కుర్చీ పోదు కదా మా. ఈడ ఏ ఇంటికీ లేదు.”

“గొడ్ల కొట్టానికైనా ఒక అడ్డకర్ర ఉంటాది! గడప లేంది ఇల్లెట్లవుతాది పాపా, గోడౌను గానీ. శుక్రారం పూట ఈ పసుపు యాడ పూసేది? మీ పెద్దక్క నెత్తినా?”

అటు వెళ్తున్న పెద్దక్క ఆగి, “పూయి మా, నాకూ కళ వస్తాది” అని తల వంచింది. అమ్మ నవ్వలేదు.

అమ్మను చూసి నవ్వుకోవడం సులువే. కానీ నేను తిరుపతి ఆసుపత్రిలో పడి ఉన్న రోజుల్లో ఆమె ప్రతి గురువారం సాయంత్రం బస్సెక్కి చిత్తూరు పోయేది. శుక్రవారం తెల్లవారగానే గడప కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ నా మంచం పక్కన ఉండేది. డాక్టర్లు ఏం చేశారో ఆమెకు పట్టదు. నేను బతికి బయటపడింది ఆ పసుపు వల్లేనని ఆమె నమ్మకం. అలాంటి మనిషికి నేను గడప లేని ఇల్లు చూపించాను.

అది చాలదన్నట్టు ఆ రోజే ఇంకొకటి జరిగింది. నేను స్నానానికి వెళ్ళాను. స్నానాల గదిలో కూర్చోవడానికి బల్ల, పట్టుకోవడానికి కడ్డీలు, చేతికందే కొళాయి, అన్నీ ఉన్నాయి. మనిషి సాయం లేకుండా నా ఒంటికి నేనే నీళ్ళు పోసుకోవడం ఆ వారమే నేర్చుకున్నాను. ఎంత నెమ్మదిగా అంటే, ఒక్కొక్క చెంబూ నాకు పండగే. గడియ ఉంది, కానీ వేసుకునే అలవాటే లేదు. తలుపు తోసుకుని అమ్మ వచ్చింది, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, సబ్బు పట్టుకుని.

“ఇట్ల తిరుగు, వీపు రుద్దతా.”

“బయటికి పో మా!”

నా కేక పక్కిళ్ళకు వినపడి ఉంటుంది.

“నీ ఒళ్ళు నేను సూడందా పాపా?”

“సూడందని కాదు మా. అడగాల.”

“కన్నబిడ్డ తావ అడగాల్నా?” అంది. సబ్బు దాని చోట పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా ఉంటానన్న మనిషి మధ్యాహ్నం బస్సుకే బయల్దేరింది. ఆటో దగ్గర ఆపి అడిగాను, “ఇల్లు నచ్చలేదా మా?”

“గడపే లేదు,” అంది ఎటో చూస్తూ. “ఇంగేం నచ్చేది.”

రెండో శుక్రవారం అమ్మ రాలేదు. ఫోను చేస్తే నాయన ఎత్తాడు. “మీ అమ్మ ఏందో మండీ పక్కన వడ్రంగి ఆచారి కొట్టుకు తిరగతా ఉండాది పాపా. అడిగితే సెప్పదు. కోపంగా అయితే లేదు,” అన్నాడు. అమ్మ కోపంగా ఉంటేనే నాకు నయం. నిశ్శబ్దంగా ఉందంటే ఏదో నిర్ణయానికి వచ్చేసిందని అర్థం. నన్ను తీసుకుపోవడానికే వస్తుందని అనుకున్నాను. ఆ వారమంతా రాత్రి పడుకునే ముందు ఊరికే తలుపు గడియ వేసి, తీసి, మళ్ళీ వేసేదాన్ని, ఇంకెన్నాళ్ళు నాదో ఏమో అని.

మూడో శుక్రవారం నేను పనికి బయల్దేరుతుంటే వచ్చింది. పాత చీరలో చుట్టిన పొడుగాటి మూటను రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“అదేంది మా?”

“నీకెందుకు? పనికి పో. బీగంచెవి ఇచ్చిపోతావా?”

ఇచ్చిపోతావా అని అడిగింది! ఆ ఒక్క మాటకే నాకు ఎక్కడలేని సంబరం వచ్చింది. మూట సంగతి మళ్ళీ అడగాలని కూడా తోచలేదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి ఆటో ఎక్కేశాను. పెద్దక్క ఉండుంటే చూసి ఆపేది. ఆ రోజు ఆమె చుట్టాల పెళ్ళికని పలమనేరు వెళ్ళింది.

సాయంత్రం ఆటో దిగి వాలుదారి ఎక్కి వస్తుంటే నా ఇల్లు దూరం నుంచే కొత్తగా కనపడింది. గుమ్మానికి మామిడాకుల తోరణం, ముందు ముగ్గు. అమ్మ పట్టుచీర కట్టుకుని లోపల నిలబడి ఉంది, చేతిలో ఎర్రనీళ్ళ పళ్ళెం. నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మ ఒప్పుకుంది అనుకున్నాను.

“రా పాపా, రా. కుడికాలు ముందు పెట్టి లోపలికి రా.”

కుర్చీ ముందుకు తోసుకున్నాను. ముందు చక్రాలు టక్కుమని దేనికో తగిలి ఆగిపోయాయి.

కిందికి చూస్తే గడప. గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా, కొత్త వేప చెక్క. నిండా పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, మధ్యలో రెండు పూలు ఉంచింది. చిత్తూరు ఆచారి చెక్కితే, తిరుపతి ఆచారి వచ్చి బిగించాడట. ఆ మాట తర్వాత తెలిసింది.

ఇద్దరం ఆ చెక్కనే చూస్తూ ఉండిపోయాం. నాకు కోపం రావాల్సింది. నాకు చిన్నదానికే వస్తుంది. కానీ తలెత్తి అమ్మ మొహం చూశాను. ఆమె చూపు నా చక్రాల మీద ఉంది.

“అయ్యో,” అంది. “అయ్యో నా తల్లీ, నేనేం జేస్తినే.”

పళ్ళెం కింద పెట్టేసి, గడప దాటి ఇవతలికి వచ్చి, నా ముందు వంగింది. “రా, మెడ పట్టుకో.”

“ఒద్దు మా.”

“ఒక్క మారుకే పాపా. ఎవురూ సూడరులే.”

“ఒద్దు మా. ఈ ఇంట్లోకి నన్నెవురూ ఎత్తుకోని పోకూడదు. ఎత్తుకోని పోయేదైతే చిత్తూరులోనే ఉందును కదా.”

మా మాటలు విని సాయానికి ఉండే ఆమె వచ్చింది. గడపను చూసింది, మమ్మల్ని చూసింది. “నేను ఎత్తాల్నా మా?” అని నన్నే అడిగింది. వద్దన్నాను. సరేనని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన వైపే అమ్మ చాలాసేపు చూసింది.

తర్వాత అమ్మ గడప అవతలికి పోయి, లోపల నేల మీద కూలబడింది. నా ఇంట్లో అమ్మ, నా ఇంటి బయట నేను. సంగటి చేసి ఉంచింది కాబోలు, పళ్ళెంలో పెట్టి గడప మీదుగా నాకు అందించింది. నేను తిన్నాను. ఆమె తినలేదు.

“నాకు తట్టనే లేదు పాపా,” అంది ఖాళీ పళ్ళెం అందుకుంటూ. “మన ఇంట్లో ఎన్ని గడపలుండాయి, అన్నీ దాటినావు గదా. యాడా నీకు అడ్డం రాలేదే అనుకుంటి. గడప కాడికొచ్చేసరికి నువ్వు నా సంకన ఉంటావు. దాటేది నేను. నీకు గడప అడ్డమని నాకెట్ల తెలుస్తాది?”

ఇన్నేళ్ళూ గడప అంటే నాకు ఇంకొకరి చేతులు. ఆమెకు గడప అంటే నేను దగ్గరగా ఉండే చోటు. అందుకేనేమో నేను గడప లేని ఇల్లు కావాలన్నప్పుడు అంత నొచ్చుకుంది. ఆమె మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. లోపలికి వెళ్ళి పట్టుకుందామంటే మధ్యలో చెక్క ఉంది.

అమ్మ ఫోను తీసి ఆచారిని పిలిచింది. అతను దగ్గర్లోనే ఉన్నాడు కాబట్టి వచ్చాడు గానీ, సంగతి విని అదిరిపడ్డాడు.

“పొద్దున పసుపు పూసి, దీపాలు పెట్టే పొద్దుకు పీకమంటావా మా? అదీ శుక్రారం! ఈ పని నేను సేయను. ఇల్లు బాగుపడాల్నా ఒద్దా?”

అతని మీద విసుక్కోలేకపోయాను. అమ్మ అయినా అదే మాట అని ఉండేది. “రేపు తీపిద్దాం మా,” అన్నాను. “ఈ రాత్రికి నేను పెద్దక్క గదిలో పడుకుంటా. ఆమె ఏమీ అనుకోదు.” నేను మనస్ఫూర్తిగానే అన్నాను. నా కోసం శుక్రవారం శుక్రవారం బస్సెక్కి పోయి పసుపు పూసి వచ్చిన మనిషి. ఆమె చేత శుక్రవారం గడప పీకించడం నాకు ఇష్టం లేదు.

అమ్మ లేచింది. గడప దాటి బయటికి వచ్చి, నా కుర్చీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“దోషమేదో నాకు రానీ. ఆ స్క్రూడ్రైవరు ఇట్లియ్యప్పా.”

ముందు రెండు పూలూ తీసి కళ్ళకద్దుకుంది. చెక్క మీద చెయ్యి పెట్టి, పక్కింటావిడతో మాట్లాడినట్టే మామూలుగా అంది, “తల్లీ, తప్పుగా అనుకోవద్దు. నా బిడ్డ బయటుండాది. నువ్వొక్కదానివి లోపలుండి ఏం జేస్తావు?”

ఆచారి స్క్రూడ్రైవరు ఇచ్చి పక్కకు జరిగాడు. అమ్మ స్క్రూలు తిప్పుతుంటే మాత్రం ఉండబట్టలేక, “అట్ల కాదు మా, ఎడంపక్కకు,” అన్నాడు.

“గమ్మునుండప్పా. తిప్పతా ఉండాను గదా.”

చెక్క లేచి వచ్చాక అతను దాని చివర పట్టి పక్కన పెట్టాడు. నేలలో స్క్రూల బెజ్జాలు మిగిలాయి. అతను వెళ్ళాక అమ్మ ఆ చోటంతా తడిగుడ్డతో తుడిచింది. గిన్నెలో పసుపు కలిపింది. బయట వైపే మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మానికి ఈ పక్క నుంచి ఆ పక్క దాకా వట్టి నేలకే పట్టీగా పసుపు పూసింది. దాని మీద ముగ్గుపిండితో రెండు గీతలు, వరసగా కుంకుమ బొట్లు.

“ఇదేంది మా?”

“గడప. ఎత్తు లేకపోతేనేం, పసుపుంది గదా.”

“నేను చక్రాలతో తొక్కతా మా.”

మా ఇంట్లో గడప తొక్కినందుకు ఆమె చేత చీవాట్లు తినని మనిషి లేడు. చుట్టాలు, కూరగాయలామె, నాయన, అందరూ తిన్నారు. అమ్మ పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కాస్త ఆలోచించింది.

“తొక్కు,” అంది. “నువ్వు తొక్కేదానికే పూసినా.”

నేను కుర్చీ తోసుకున్నాను. చక్రాలు పసుపు మీదుగా వెళ్ళి, ఎక్కడా ఆగకుండా ఇంట్లోకి వచ్చేశాయి. నా వెనకాల రెండు పచ్చటి గీతలు వంటింటి దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి చూశాను. ఆ గీతలు తుడవడానికి అమ్మ గుడ్డ తీసుకుని ఈ పాటికి వచ్చేసి ఉంటుందనుకున్నాను.

అమ్మ రాలేదు. గుమ్మం బయటే నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది. చేతులకు పసుపు ఉందని, మణికట్టుతో తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

“పాపా,” అంది. “లోపలికి రావచ్చునా?”

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె ముందు దాచుకోవాలనిపించలేదు.

“రా మా,” అన్నాను. “కుడికాలు ముందు పెట్టి రా.”

అమ్మ కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, పసుపు మీద పడకుండా, అక్కడ లేని గడపను దాటుతున్నట్టు కుడికాలు ఎత్తి నా ఇంట్లోకి వచ్చింది.